ముందే నింపిన గడి

ఆళ్ళగడ్డ సబ్ మేజిస్ట్రేటు కోర్టులో బెంచి గుమాస్తా సంజీవయ్య దస్తూరీ చూసి ముచ్చటపడని మనిషి లేడు. నంద్యాల మిషను బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న దస్తూరీ అది. అక్షరాలు గుండ్రంగా, ఒత్తుగా, దారం పట్టి కట్టినట్టు వరసగా ఉండేవి. వాళ్ళ నాయన బేతంచెర్లలో నాపరాళ్ళు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తెచ్చిన మొదటివాడు సంజీవయ్యే. అందుకని తన దస్తూరీ అంటే అతనికి కాస్త గర్వం ఉండేది, ఉండడంలో తప్పు కూడా లేదు. తప్పంతా వేరే చోట ఉంది.

సోమవారం చిల్లర కేసుల రోజు. దీపం లేకుండా సైకిలు తొక్కినవాడు, సంతలో పేకాడినవాడు, కాలువ గట్టు మీద బండి తోలినవాడు, పక్కింటామెను బూతులు తిట్టినవాడు, అందరూ ఆ రోజే వచ్చి కోర్టు వసారాలో బారులు తీరేవాళ్ళు. నలభై కేసులు మధ్యాహ్నం భోజనానికి ముందే తెమలాలి. వాటికి ఒక పెద్ద రిజిస్టరు ఉండేది. దాంట్లో గళ్ళు: పేరు, తండ్రి పేరు, ఊరు, నేరం, ముద్దాయి చెప్పిన మాట, శిక్ష. ముద్దాయి ఏం చెప్తే అది, వీలైనంతవరకు వాడి మాటల్లోనే రాయాలని చట్టం. చట్టానికేం, అది కాగితం మీద సుఖంగా కూర్చుని ఉంటుంది. ఒక్కొక్కడి ముందు కలం పట్టుకుని కూర్చుంటే నలభై కేసులు ఎప్పటికి తెమలాలి? సంజీవయ్య శనివారం సాయంత్రమే రిజిస్టరు ముందేసుకుని అన్ని గళ్ళూ నింపేసేవాడు. ముద్దాయి చెప్పిన మాట అనే గడిలో పైనుంచి కిందిదాకా 'నేరము ఒప్పుకొన్నాడు' అని నలభైసార్లు రాసేవాడు. శిక్ష గడి ఒక్కటే మేజిస్ట్రేటుకు వదిలేవాడు. పన్నెండేళ్ళలో ఆ మాట కొట్టేసి మళ్ళీ రాయాల్సిన అవసరం నాలుగైదుసార్లకు మించి రాలేదు. వసారాలో కానిస్టేబుల్ వాళ్ళకు ముందే చెప్పి పెట్టేవాడు: ఒప్పుకుంటే పొద్దుగూకేలోపల ఇంటికి పోతావ్, కాదంటే ఆరు నెలలు తిరుగుతావ్ అని.

ఇంకో సంగతి కూడా ఆ కోర్టులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పొలాలూ ఎద్దులూ ఉన్న పెద్ద రైతులు ఇలాంటి కేసులకు వచ్చి వసారాలో నిలబడేవాళ్ళు కారు. నామోషీ. జీతగాణ్ణి పంపేవాళ్ళు. బంట్రోతు యజమాని పేరు పిలిస్తే జీతగాడు 'ఉండా సామీ' అని చేతులు కట్టుకునేవాడు. వేలిముద్ర తీసుకునే పద్ధతి లేదు. మేజిస్ట్రేటు తల ఎత్తడు. ఎక్కువసార్లు 'కోర్టు లేచేదాకా' అనేవాడు. అదే శిక్ష. సాయంత్రం ఐదుదాకా కోర్టు హాల్లో గోడకానుకుని కూర్చుని లేచి పోవడమే. వాళ్ళను పేరుమనుషులు అని పిలుచుకునేవాళ్ళు. ఒకడి పేరు మీద ఇంకొకడు కూర్చుంటే కొంప మునిగేదేముందిలే అని సంజీవయ్య కూడా అనుకున్నాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు, కార్తీకం వెళ్ళాక ఒక సోమవారం. యర్రవంకపల్లె నరసింహులు కేసు పిలిచారు. నలభై ఎకరాల మాగాణి ఉన్న రైతు. కాలువ గట్టు మీద బండ్లు తోలి గట్టు తెగగొట్టాడని కాలువ కాపలా చూసే లస్కరు దస్తగిరి రిపోర్టు ఇచ్చాడు. పిలుపు వినపడగానే కుంటుకుంటూ ఒక బక్క మనిషి లోపలికి వచ్చాడు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన కంబళి. ఇతను మాత్రం నలభై ఎకరాల ఆసామి కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"నాయన పేరు?" అన్నాడు సంజీవయ్య.

"రంగయ్య," అని నాలిక కరుచుకున్నాడు ఆ మనిషి. "కాదు సామీ. పెద్ద నరసింహులు."

కానిస్టేబుల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. సంజీవయ్యకూ నవ్వొచ్చింది. రాయడానికి ఏమీ లేదు, గడి శనివారమే నిండింది. మేజిస్ట్రేటు కోర్టు లేచేదాకా అన్నాడు. ఆ మనిషి పోయి తలుపు పక్కన గోడకానుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక అతను మెల్లగా సంజీవయ్య బల్ల దగ్గరికి జరిగాడు. "సామీ, సూదేమన్నా ఉంటే ఇస్తారా? కాల్లో తుమ్మముల్లు ఇరిగిపోయినాది." సంజీవయ్య కాగితాలకు గుచ్చే గుండుసూది ఒకటి తీసి ఇచ్చాడు. మధ్యాహ్నమంతా ఆ మనిషి అరికాలు ఒళ్ళో పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ముల్లు కెలుక్కుంటూనే ఉన్నాడు. ఐదయ్యాక సూదిని వసారాలో నీళ్ళతో కడిగి, పంచె అంచుకు తుడిచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో గుండుసూది తిరిగిచ్చినవాడు ఒక్కడూ లేడు.

"నీ పేరేందప్పా?" అన్నాడు సంజీవయ్య.

"ఈడ నరసింహులు సామీ. ఊర్లో పుల్లయ్య." ఇద్దరూ నవ్వుకున్నారు.

అదే రోజు మిట్టమధ్యాహ్నం, పుల్లయ్య కాల్లో ముల్లు తీసుకుంటున్న సమయానికే, యర్రవంకపల్లె కాలువ గట్టు మీద లస్కరు దస్తగిరిని ఎవరో వెనకనుంచి వచ్చి గొడ్డలితో కొట్టారు. కుడిచెయ్యి మోచేతి కాడికి తెగింది. ప్రాణం దక్కింది గానీ కొట్టినవాడి ముఖం చూడలేదన్నాడు. నాలుగో రోజు పోలీసులు పుల్లయ్యను పట్టుకుపోయారు. గొడ్డలి పట్టుకుని పరుగెత్తుతుంటే చూశామని నరసింహులు ఇంట్లో పనిచేసే ఇద్దరు చెప్పారు. మరి నరసింహులు? అతను ఆ పొద్దు ఆళ్ళగడ్డ కోర్టులో శిక్ష పడి సాయంత్రం ఐదుదాకా కూర్చుని ఉన్నాడు. రిజిస్టరులో ఉంది. దాని నకలు కావాలని దరఖాస్తు వస్తే, ఎందుకో ఏమో తెలియకుండానే సంజీవయ్యే తన గుండ్రటి అక్షరాలతో నకలు రాసి, 'సరియైన నకలు' అని కింద సంతకం చేసి ఇచ్చాడు.

సంగతి తెలిసింది పుల్లయ్య పెళ్ళాం అంకమ్మ వల్ల. ఒక ఆదివారం సంజీవయ్య చర్చి నుంచి వచ్చేసరికి ఆమె ఇంటి అరుగు కింద కూర్చుని ఉంది. పక్కన చింపిరి తలతో ఐదారేళ్ళ ఆడపిల్ల.

"అయ్యా, నువ్వే గదా సూది ఇచ్చినాయన?" అంది.

సంజీవయ్యకు ముందు అర్థం కాలేదు. ఆమె మొత్తం చెప్పాక చెప్పులు విప్పడం కూడా మరిచి అక్కడే నిలబడిపోయాడు.

"మా రెడ్డి, ఆ నరసింహులు, పొమ్మంటే వచ్చినాడయ్యా. పోయి నా పేరు మీద కూసోనుండి రారా అన్నాడు. ఆ దినమంతా నీ కండ్లముందర ఉండినాడు. నువ్వొక్కడివి చెప్తే సాలు. నిన్ను సాక్షి ఏసుకున్నాడు మా ఆయప్ప. ఇంగ మాకెవరూ లేరు."

"కోర్టు పిలిస్తే వస్తానమ్మా. చూసింది చెప్తా," అన్నాడు సంజీవయ్య. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఆమె పోయాక భార్య జీవమ్మ తలుపు చాటునుంచి బయటికి వచ్చింది. "చెప్తావా?"

"చెప్పక? ఆ మనిషి నా ఎదురుగా కూసోనుండె."

"అట్లయితే రిజిస్టరులో నరసింహులని రాసింది ఎవరని అడుగుతారు గదా. ఏం చెప్తావ్?"

సంజీవయ్య చెప్పులు విప్పి గోడవారగా పెట్టాడు. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. నడుం పడిపోయిన ముసలి నాయన మంచంలో ఉన్నాడు. సర్కారు నౌకరు తెలిసి తెలిసి తప్పుడు రికార్డు రాస్తే మూడేళ్ళ జైలు. ఆ సెక్షను అతనికి నోటికి వచ్చు. ఆ వారమంతా మోకరించి ప్రార్థన చేసుకుంటే కళ్ళ ముందు పుల్లయ్య అరికాలే కనపడేది. ఉద్యోగం పోతే పోనీ, చెప్పేస్తా అని ఒక రోజు అనుకునేవాడు. మరుసటి రోజు నాయన దగ్గు వినపడగానే ఆ ధైర్యం కాస్తా పోయేది.

సంక్రాంతి వెళ్ళాక సమన్లు వచ్చాయి. సంజీవయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని పొద్దున బస్సెక్కి నంద్యాల పోయాడు. ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు కోర్టు కిటకిటలాడుతోంది. అక్కడ బెంచి గుమాస్తా గురుస్వామి అతనికి పాత స్నేహితుడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండి గుమాస్తా పరీక్షకు చదివారు. గురుస్వామి అతణ్ణి వసారా చివరికి తీసుకుపోయాడు.

"ఏం చెప్పదలుచుకున్నావ్?"

"చూసింది చెప్తాన్నా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తే రేపు ముద్దాయి బోనులో నిలబడేది నువ్వు. జ్ఞాపకం లేదని చెప్పు. ఎవడడుగుతాడు? రెండు నెలల కింద ఎవడు వచ్చినాడో ఏ గుమాస్తాకు జ్ఞాపకముంటాది?"

"జ్ఞాపకముందన్నా," అన్నాడు సంజీవయ్య. గురుస్వామి తల కొట్టుకుని లోపలికి పోయాడు.

ఆ కోర్టులో పని జరిగే తీరు సంజీవయ్యకు కొత్త కాదు. మేజిస్ట్రేటు ఒక పక్క ప్లీడరు చేసే జామీను వాదన వింటూ ఉంటాడు. ఇంకో పక్క గురుస్వామి సాక్షుల చేత చెప్పించి రాసుకుంటూ ఉంటాడు. చట్టప్రకారం ప్రతి సాక్షి మాటా మేజిస్ట్రేటే వినాలి. రోజుకు ముప్పైమంది సాక్షులు, ఆయనకుండేది రెండు చెవులు. చివర కాగితాలన్నీ ఒకేసారి ముందుకు తోస్తే సంతకాలు పెట్టేవాడు.

సంజీవయ్య బోను ఎక్కి బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. పక్కనే గురుస్వామి బల్ల. బల్ల మీద తెల్లకాగితం. పైన అతని పేరు, ఊరు, వయసు. నడుమ అంతా ఖాళీ. అడుగున మాత్రం ఒక వాక్యం అప్పటికే రాసి ఉంది: 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు.' అది చూడగానే సంజీవయ్యకు తన రిజిస్టరు గడి గుర్తొచ్చింది. పన్నెండేళ్ళుగా తాను శనివారం సాయంత్రాలు చేస్తున్న పని అదే.

పుల్లయ్యకు ప్లీడరు లేడు. సాక్షిని నువ్వే అడుక్కో అన్నారు. ముద్దాయి బోనులోనుంచి అతను చేతులు కట్టుకునే అడిగాడు.

"సామీ, లస్కరు చెయ్యి తెగిన దినం నేను యాడ కూసోనుంటి?"

జామీను ప్లీడరు గొంతు పెంచి వాదిస్తున్నాడు. సంజీవయ్య ఒకసారి దగ్గి, "ఆళ్ళగడ్డ కోర్టులో," అన్నాడు.

"యా పొద్దుదాకా సామీ?"

"ఐదుదాకా."

"నాకు ముల్లు తీసుకునేదానికి సూది ఇచ్చినావా లేదా?"

"ఇచ్చినా. నువ్వు తిరిగి ఇచ్చినావు." ఈసారి మాట కొంచెం గట్టిగానే వచ్చింది. జనంలో అంకమ్మ లేచి నిలబడింది. బంట్రోతు కూర్చోమన్నాడు. ఆ క్షణంలో సంజీవయ్యకు గుండెల మీదినుంచి బండరాయి దించినట్టు అనిపించింది. అంతే, అయిపోయింది, ఇంక ఏమన్నా కానీ అనుకున్నాడు.

సర్కారు తరఫున కేసు నడిపే ఇన్‌స్పెక్టరు లేచాడు. అతను గురుస్వామి కలం కదలడం లేదని ముందే చూశాడు. ఎక్కువ కదిలించడం తనకే నష్టమని తెలిసిన మనిషి. రిజిస్టరు నకలు చూపించి, "ఈ దస్తూరీ నీదేనా?" అన్నాడు.

"నాదే."

"సంతకం?"

"నాదే."

"అంతే," అని కూర్చున్నాడు.

అప్పుడు గురుస్వామి గబగబా రాశాడు. ఆరు పంక్తులు. రాసి కాగితం సంజీవయ్య ముందుకు తిప్పాడు. చదివి వినిపించలేదు, ఎప్పుడూ ఎవరికీ వినిపించరు. సంజీవయ్య చదువుకున్నాడు. 'ఆ దినము కోర్టుకు అనేకులు వచ్చిరి. ఈ ముద్దాయి వచ్చినట్లు నాకు జ్ఞాపకము లేదు. రిజిస్టరులోని దస్తూరీ, సంతకము నావి. రిజిస్టరులో వ్రాసినది సరియైనది.' కింద ఆ పాత వాక్యం.

"అన్నా, ఇది..." అన్నాడు సంజీవయ్య.

గురుస్వామి తల ఎత్తకుండా పళ్ళ మధ్యనుంచి మాట్లాడాడు. "పిల్లలు గలోడివి. నోటితో చెప్పినావు, వాడు విన్యాడు. నీ దేవుడూ విన్యాడు. కాగితం సంగతి నాకు ఇడిసిపెట్టు. సంతకం పెట్టు."

గట్టిగా ఒక్క మాట అంటే చాలు. అయ్యా, ఇది నేను చెప్పింది కాదు అంటే మేజిస్ట్రేటు తల ఎత్తి చూసేవాడు. నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడాయన. సంజీవయ్య ఆయన వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తన నాయన నడుం గుర్తొచ్చిందో, మూడేళ్ళ జైలే గుర్తొచ్చిందో, తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అతనికే తెలియలేదు. కలం తీసుకుని సంతకం చేశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా పడ్డాయి.

బోను దిగి పోతుంటే పుల్లయ్య రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "చెప్పినావు సామీ. నా మాట చెప్పినావు." సంజీవయ్య తిరిగి చూడకుండా బస్సు స్టాండుకు వచ్చేశాడు.

నెల తిరక్కుండానే ఆ మేజిస్ట్రేటుకు డోన్ బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన సాక్షుల ముఖాలు చూడలేదు. కాగితాలు చదివాడు. కాగితాల్లో ఏముందో అదే తీర్పులో వచ్చింది. పుల్లయ్యకు రెండేళ్ళు కఠినశిక్ష పడిందని గురుస్వామి ఒక కార్డు రాశాడు. ఆ కార్డులో ఇంకేమీ రాయలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక శనివారం సాయంత్రం, సంజీవయ్య ఇంటి అరుగు మీద సోమవారం రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. నంద్యాల నుంచి వచ్చిన మొదట్లో రెండు వారాలు ఆ గడి ఖాళీగా వదిలాడు. పని సగం కూడా తెమలక మేజిస్ట్రేటు నలుగురి ముందు చీవాట్లు పెట్టాడు. మూడో వారం నుంచి మళ్ళీ మామూలే. ఇరవయ్యో పేరు ఎదురుగా 'ఒప్పుకొన్నాడు' అని రాస్తుండగా అంకమ్మ వచ్చింది. వెంట పిల్ల కూడా ఉంది. అంకమ్మ కొంగులో కట్టుకొచ్చిన శనక్కాయలు అరుగు మీద పోసింది.

"ఏందిది?" అన్నాడు సంజీవయ్య.

"మా ఆయప్ప ఇయ్యమన్నాడు అయ్యా. జైలుకు పోయి చూసొచ్చినా. మేజిస్ట్రేటు దొర నమ్మలే గానీ, గుమాస్తా సారు మాత్రం నా కోసం నిజం చెప్పినాడు, పోయి మొక్కిరా అన్నాడు. అప్పీలుకు పోయే శక్తి మాకు యాడుండాది. ఊర్లో మమ్మల్ని చెయ్యి నరికినోని ఇల్లు అంటాండారు. పిల్లను పక్కింట్లోకి రానీరు."

ఆమె రవికలోనుంచి మడత పెట్టిన కాగితం తీసింది. నంద్యాలలో ఎవరెవరి కాళ్ళో పట్టుకుని తెచ్చుకున్న సాక్ష్యం నకలు. సంజీవయ్యకు దూరంనుంచే గురుస్వామి దస్తూరీ తెలిసిపోయింది.

"నీ సాక్ష్యం నకలు. ఇది ఇంట్లో పెట్టుకోమన్నాడు మా ఆయప్ప. పుల్లయ్య చెయ్యి నరకలేదు, ఆ దినం కోర్టులో కూసోనుండినాడు అని ఒక మనిషి చెప్పినట్టు కాగితం ఉండాల అన్నాడు. ఊర్లో చదువొచ్చినోళ్ళంతా నరసింహులు మనుషులే, వాళ్ళకు చూపియ్యను. అయ్యా, దీంట్లో నీ మాట యాడుండాదో ఒక్కసారి ఏలు పెట్టి చూపీ."

సంజీవయ్య కాగితం అందుకున్నాడు. మడతల దగ్గర చెమటకు సిరా కొంచెం అలుక్కుంది. 'జ్ఞాపకము లేదు' అన్న మాట మాత్రం శుభ్రంగా ఉంది. ఇంట్లోనుంచి జీవమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగింది. చెప్పేయ్, ఇప్పుడన్నా చెప్పేయ్ అని అతని మనసు కొట్టుకుంది. అంకమ్మ కళ్ళు అతని వేలి మీదే ఉన్నాయి.

"ఈడ," అని అతను ఆ మాటే ఉన్న నడి పంక్తి మీద వేలు పెట్టాడు.

ఆమె వంగి ఆ చోటును వేలితో తాకి, ఆ వేలు కళ్ళకద్దుకుంది. "మళ్ళీ మరిచిపోతా అయ్యా, ఒక గీత గియ్యి."

సంజీవయ్య రిజిస్టరు మీదున్న కలం తీసి ఆ పంక్తి కింద గీత గీశాడు. స్కేలు లేకుండానే తిన్నగా వచ్చింది. అంకమ్మ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, పిల్ల తల నిమిరి లేచింది.

"మా పాపను బడిలో ఏసినా అయ్యా. ఇప్పుడు గుణింతాలు నేరుస్తాండాది. వచ్చే ఏటికి ఈ కాగితం తానే చదువుకుంటాది."